ఖాళీయేనా అని అడిగాను

ఉదయం ఆరూ పదికి నాంపల్లిలో దిగాం. పదిమందిమి. సన్న తుంపర పడుతోంది. అది అరవై ఐదు, వానాకాలం చివర. సరిహద్దులో యుద్ధం నడుస్తోంది. మమ్మల్ని అటే పంపుతారనుకున్నాం. ఇళ్లకు ఉత్తరాలు కూడా రాసేశాం. తీరా బండెక్కించి తెచ్చి హైదరాబాదులో దింపారు.

మనిషికో రైఫిల్, యాభై తూటాలు, రెండు కంబళ్లు, ఒక రబ్బరు దుప్పటి, మగ్గు, పళ్లెం. అదే మా సంసారం. సుబేదారు ప్లాట్‌ఫామ్ మీదే నిలబడి ఉత్తర్వు చదివాడు. స్టేషను యార్డు వెనక ఉన్న రేకుల గోదాముకు ఏడుగురు కాపలా. అబిడ్స్‌లో ఒక మూడంతస్తుల మేడ మీద సుబేదారుతో కలిపి ముగ్గురు, శత్రు విమానాల కోసం ఆకాశం చూస్తూ. రెండు చోట్లకూ మధ్య టెలిఫోను తీగ. సాయంత్రం నాలుగుకల్లా తీగ పలకాలి. గోదాములో ఏముందో చెప్పలేదు. మేమూ అడగలేదు.

అప్పుడు నేను నాయక్‌ని. భుజాన రెండు పట్టీలు. గోదాము దగ్గరి ఏడుగురిలో నేనొకణ్ణి, మిగతా ఆరుగురూ నా కింద. కాపలా వంతులు వెయ్యడం, ఆయుధాలు చూడడం నా పని. రైఫిల్ పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి అందరూ ఉస్తాద్ అనేవారు.

పదిమందిలో ఒకడు మాత్రం నవ్వుతున్నాడు. మా లైన్‌మన్. తీగ చుట్ట భుజాన వేసుకుని, స్టేషను దాటి ఎటో చూస్తూ నవ్వుతున్నాడు.

"ఎందుకోయ్ నవ్వు?" అన్నాను.

"ఏం లేదు ఉస్తాద్. జంగ్‌కని బయల్దేరి ఇంటికొచ్చిన. గా నీళ్ల టాంకీ ఎనక గల్లీల మా ఇల్లు. పది నిమిషాల తొవ్వ."

ఇక్కడ ఎవరి పేర్లూ రాయను. లైన్‌మన్‌ని లైన్‌మన్ అనే అంటాను. అతను పోయాడు. ఇంకొకతను డ్రైవరు. అనంతపురం మనిషి. అతని లారీని వెనక యూనిట్‌లోనే ఉంచేశారు. లారీ లేని డ్రైవరు చేతికి రైఫిల్ ఇచ్చి కాపలాకు పంపారు. అతనికి స్టీరింగు తెలిసినంతగా రైఫిల్ తెలియదు. ఆ సంగతి నాకు తెలుసు.

తీగ నాలుగుకు కాదు, మూడుంపావుకే పలికింది. నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా ప్రతి గోడా, ప్రతి స్తంభమూ లైన్‌మన్‌కి చిన్నప్పటి నుంచీ తెలుసు. అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం వరండాలో మెట్ల పక్కన వాళ్ల నాన్న గడియారాలు బాగుచేసేవాడు. అద్దాల పెట్టె, ముందు చిన్న స్టూలు, కంటికి బిగించుకునే నల్లటి భూతద్దం. తీగ ఆ వరండా మీదుగానే పోవాలి. లైన్‌మన్ నిచ్చెనెక్కాడు. నేను కింద పట్టుకున్నాను. ముసలాయన తలెత్తి చూశాడు. కొడుకు ఊళ్లోకి వచ్చాడని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

"అరే! నువ్వెప్పుడొచ్చినవ్‌రా?"

"పొద్దున బాపూ. గీ తీగ నీ నెత్తి మీదికెల్లి పోతది. సర్కారు తీగ. ముట్టకు."

"నువ్వు పడకు ముందుగాల. జర పైలం."

ఆయన భూతద్దం తీసి ధోవతి అంచుతో చాలాసేపు తుడిచాడు.

మొదటి ఆదివారం మధ్యాహ్నం గంట సెలవిచ్చాను. లైన్‌మన్ నన్నూ లాక్కెళ్లాడు. రెండు గదుల కిరాయి ఇల్లు. వాళ్లమ్మ జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. నేను కృష్ణా జిల్లావాణ్ణి. పుంటికూర అంటే మా గోంగూరేనని మొదటి ముద్దలో తెలిసింది. ఆవిడ తలుపు దగ్గర కూర్చుని నేను తినేదాకా చూసింది.

"మొక్కుకున్న సారూ," అంది. "నా కొడుకును సరిహద్దుకు పంపకు తల్లీ అని. చూసిన్రా, ఇంటి కాడికే తెచ్చిడిచింది. మీరెవ్వలైనా గానీ జర గీడనే ఉంచున్రి వాన్ని."

"అది మా చేతుల్లో ఉండదమ్మా. సుబేదారు గారు చెప్పినట్టే," అన్నాను.

"నువ్వూరుకోయే అమ్మా. ఉస్తాద్ నన్ను యాడికీ పంపడు. నేను లేకుంటే ఆయనకు ఫోనే పలకదు," అన్నాడు వాడు. ఇద్దరూ నవ్వారు.

ఇక రైఫిల్ సంగతి. రైఫిల్ శుభ్రం చెయ్యడమంటే తుడవడమని బయటివాళ్లు అనుకుంటారు. తుడవడం చివరి పని. మొదటి పని అది ఖాళీ అని తేల్చుకోవడం. మా రైఫిల్‌కి కింద మ్యాగజీన్ అనే పెట్టె ఉంటుంది, తూటాలు అందులో. పక్కన పిడి ఉన్న ఇనప కడ్డీ ఒకటి, దాన్ని బోల్ట్ అంటాం. బోల్ట్ వెనక్కి లాగి ముందుకు తోస్తే పెట్టెలోంచి ఒక తూటా గొట్టం మొదట్లోని గదిలోకి వెళ్లి కూర్చుంటుంది. ఆ గదే ఛాంబర్. పెట్టె ఊడదీస్తే ఛాంబర్‌లోది రాదు. అక్కడే ఉంటుంది. ప్రాణాలు పోయేది అక్కడే.

అందుకని వరస ఇది. గొట్టం ఇసక బస్తాల వైపు. మ్యాగజీన్ తియ్యి. బోల్ట్ రెండు మూడుసార్లు పూర్తిగా లాగి తొయ్యి. బోల్ట్ వెనక్కి ఉంచి ఛాంబర్‌లోకి చూడు. వెలుతురు చాలకపోతే చిటికెన వేలు పెట్టి తడుము. నీ పైవాడు కూడా తన కళ్లతో చూడాలి. అప్పుడు బోల్ట్ మూసి, గొట్టం ఇంకా బస్తాల వైపే ఉంచి, ట్రిగ్గర్ నొక్కి స్ప్రింగు వదులు చెయ్యి. ఆ తర్వాతే బోల్ట్ ఊడదీసి, తాడుకు గుడ్డముక్క తొడిగి గొట్టంలోంచి లాగడం. గుడ్డ తెల్లగా వచ్చేదాకా. తర్వాత పల్చగా నూనె. ఈ వరస నేను కనీసం నాలుగు వందల మందికి నేర్పి ఉంటాను. పాఠం చివర ప్రతిసారీ ఒకే మాట చెప్పేవాణ్ణి. "ఖాళీ అని ఎవడన్నా చెబితే నమ్మొద్దు. చూడు."

పదిహేడో రోజు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచీ వాన. రేకుల మీద మోతకి అరిస్తే తప్ప పక్కవాడి మాట వినిపించడం లేదు. గాలికి జల్లు తలుపులోంచి లోపలికి కొడుతోంది. ఇసక బస్తాలు ఆ తలుపు దగ్గరే ఉన్నాయి. అక్కడ కూర్చుంటే నిలువునా తడుస్తారు.

రెండూ అయిదుకు డ్రైవరు కాపలా దిగి వచ్చాడు. రైఫిల్ మీద నీళ్లు కారుతున్నాయి. వాన నీళ్లు ఇనుముకు మంచివి కావు. గంటలో తుప్పు పూత పడుతుంది. వెంటనే శుభ్రం చెయ్యాలి.

ఆ సమయంలో నేను ఫోను దగ్గర ఉన్నాను. అబిడ్స్ మేడ మీద నుంచి సుబేదారు. తీగ తడిసింది. మాట సగమే వస్తోంది.

"గోదాం, వినిపిస్తోందా?"

"సగమే సార్."

"రాత్రి వంతులు మారాయి. రాసుకో."

లైన్‌మన్ నాకు ఆరడుగుల దూరంలో చెక్కపెట్టె మీద కూర్చుని, మార్చడానికని తెచ్చిన వేరే తీగ అతుకు విప్పి మళ్లీ చుడుతున్నాడు. నల్లటి టేపు చివర పళ్ల మధ్య పట్టుకున్నాడు. డ్రైవరు తలుపు దగ్గర కాకుండా లోపల, గోడవార కూర్చున్నాడు. నేను ఫోను మూతిని అరచేత్తో మూసి అతని వైపు తలతిప్పాను.

"ఖాళీయేనా?"

"ఖాళీనే ఉస్తాద్."

"సరే," అన్నాను. మళ్లీ ఫోనులోకి వెళ్లిపోయాను.

అంతకు ముందు, ఒకటిన్నరకు డ్రైవరు కాపలాలో ఉండగా, యార్డులోని రైలు పెట్టెల మధ్య నుంచి ఎవరో నెత్తిన గోనెసంచి కప్పుకుని వచ్చారు. ఆగమన్నాడు. ఆగలేదు. బోల్ట్ లాగి తోశాడు. అప్పటికి బాగా దగ్గరికొచ్చేసిన ఆ మనిషి ఆ చప్పుడుకి ఆగాడు. రైల్వే మనిషే. అన్నానికి ఇంటికి పోతున్నాడు. వానలో కేక వినపడలేదు. డ్రైవరు అతన్ని పంపించి ఊపిరి పీల్చుకున్నాడు. ఛాంబర్‌లోకి వెళ్లిన తూటాను మాత్రం మరిచిపోయాడు. ఇవన్నీ తర్వాత విచారణలో తెలిశాయి.

గోదాములో మ్యాగజీన్ తీశాడు. బోల్ట్ ఆడించలేదు. ఛాంబర్ చూడలేదు. స్ప్రింగు వదులు చెయ్యడానికి ట్రిగ్గర్ నొక్కాడు.

రెండూ ఇరవై. రేకుల షెడ్డులో ఆ చప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేను. ఒక్క క్షణం చెవులు మూసుకుపోయాయి. వాన మోత కూడా ఆగిపోయినట్టయింది.

లైన్‌మన్ నా వైపు చూశాడు. నేనేదో పిలిచాననుకున్నట్టు.

"ఏంది ఉస్తాద్?" అన్నాడు.

అంతే. పెట్టె మీద నుంచి పక్కకు ఒరిగాడు. టేపు చివర ఇంకా పెదవికి అంటుకునే ఉంది. ఛాతీ మీద నా రెండు చేతులూ అదిమి పట్టాను. నెత్తురు ఆగలేదు. ఫోను కింద వేలాడుతోంది. దానిలోంచి సుబేదారు, "గోదాం, ఏమిటా చప్పుడు? గోదాం, గోదాం" అంటూనే ఉన్నాడు. డ్రైవరు లేవలేదు. రైఫిల్ ఒళ్లో పెట్టుకుని, "ఖాళీనే కదప్పా, ఖాళీనే కదా," అంటున్నాడు. లారీ వచ్చి దవాఖానకు చేరేలోపే అయిపోయింది.

సుబేదారు మూడున్నరకు వచ్చాడు. అన్నీ చూశాడు. నన్ను బయటికి పిలిచాడు.

"ఇంటికి నువ్వే వెళ్లి చెప్పు. డ్యూటీలో ప్రమాదం. అంతే. విచారణ అయ్యేదాకా ఎవరి పేరూ బయటికి రాకూడదు. ఇది ఆర్డరు."

చొక్కా మార్చుకుని అబిడ్స్‌కి నడిచాను. వాన తగ్గింది. దుకాణాల ముందు జనం గొడుగులు విదిలిస్తున్నారు. విమానదాడుల భయానికి బస్సులు హెడ్‌లైట్లకు సగం నల్లరంగు పూసుకుని పోతున్నాయి. పైన వాడు కట్టిన తీగ. దాని వెంటే నడిస్తే ఆ వరండా వచ్చింది.

ముసలాయన కంటికి భూతద్దం బిగించుకుని ఉన్నాడు. పట్టకారులో వెంట్రుకంత స్ప్రింగు. నా బూట్లు చూసి గుర్తుపట్టాడు. తల ఎత్తలేదు.

"జర ఆగున్రి సార్. ఇది ఇడిస్తే మళ్ల దొరకది. కూసోన్రి."

కూర్చున్నాను. నాలుగైదు నిమిషాలు పట్టింది. ఆయనకు ఆపమని చెప్పలేకపోయాను. ఆ నాలుగైదు నిమిషాలూ ఆయన కొడుకు బతికే ఉన్నాడు. పని అయింది. భూతద్దం తీసి, నవ్వుతూ, "చెప్పున్రి. మావోడు రాలే?" అన్నాడు.

చెప్పాను. నాకిచ్చిన మాటలే చెప్పాను. డ్యూటీలో ప్రమాదం.

మర్నాడు పది గంటలకు అంత్యక్రియలు. వరసలో నిలబడ్డాం. వాళ్లమ్మ ఏడవలేదు. "ఇంటి కాడికే తెచ్చిడిచె. ఇంటి కాడికే తెచ్చిడిచె," అని మాత్రం అంటూ ఉంది.

మూడో రోజు ఇద్దరు ఆఫీసర్లు వచ్చి విచారణ చేశారు. నన్నొకటే ప్రశ్న అడిగారు. ఛాంబర్ చూశావా?

"అడిగాను సార్. చూడలేదు."

అది రాసుకున్నారు. పట్టీలు పోయాయి. పోవాల్సిందే. డ్రైవరు తన వాంగ్మూలంలో, తప్పంతా నాదే సార్, ఉస్తాద్‌ది కాదు, అన్నాడు. అది నిజం కాదు. అతను మరిచిపోయాడు. మరిచిపోయినవాణ్ణి పట్టుకోవడానికే అక్కడ నేనున్నాను.

లైన్‌మన్ ఇంటికి ఒక కాగితం వెళ్లింది. "ఆయుధము శుభ్రపరచుచుండగా ప్రమాదవశాత్తు" అని అందులో ఉంది. ఎవరి ఆయుధమో, ఎవరు శుభ్రం చేస్తున్నారో లేదు. రాసినవాడికి దురుద్దేశం ఉందనుకోను. కానీ ఆ కాగితం ఆ ఇంట్లో ఏం చేసిందో నాకు మూడు వారాల దాకా తెలియలేదు.

కాపలా ముగిసింది. సాయంత్రం ఏడింటికి మా బండి. ఆ రోజు పొద్దున లైన్‌మన్ వాళ్ల నాన్నకు వెళ్లొస్తానని చెబుదామని అబిడ్స్ వెళ్లాను. వరండాలో ఎవరో గడియారం కోసం వచ్చిన పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ముసలాయన అతనితో మాట్లాడుతున్నాడు. నేను స్తంభం పక్కనే ఆగిపోయాను.

"ఏం జెప్పాలె సేటు. చేతిల తుపాకి ఉన్నప్పుడు జర చూస్కోవాలె గద. మావోనికి చిన్నప్పటిసంది తొందరెక్కువ. ఓపికుండకుండె. తన తుపాకి తన్నే తీస్కపాయె."

పెద్దమనిషి నిట్టూర్చి వెళ్లిపోయాడు.  వాడి అతుకులు నేను చూశాను. తీగ మీద ఒక్క మడత వంకర పోదు. ఆ రోజు వాడు రైఫిల్ ముట్టనే లేదు. వాడి రైఫిల్ గోడకు ఆనించి ఉంది, శుభ్రంగా, ఖాళీగా.

స్టూలు మీద కూర్చున్నాను. ఆర్డరు ఇంకా ఆర్డరే. అయినా చెప్పాను.

"బాబాయిగారూ, తప్పు మీవాడిది కాదండి. వాడి చేతిలో రైఫిలే లేదు. ఇంకొకతను శుభ్రం చేస్తుంటే పేలింది. అతనిదీ పూర్తిగా తప్పు కాదు. తూటా ఉందో లేదో చూడాల్సింది నేను. ఖాళీయేనా అని అడిగాను. ఔనన్నాడు. లేచి చూడలేదు."

 అద్దాల పెట్టెలో బాగైన గడియారాలు నడుస్తున్నాయి.

"అయితే మావోడు తొందరపడలే," అన్నాడు.

"లేదండి."

"ఎట్ల చూస్తరు అది?"

చేత్తో చూపించాను. బోల్ట్ ఇలా లాగి, ఇలా వంగి, ఇలా చిటికెన వేలు పెట్టి.

"ఎంతసేపు పడ్తది?"

"రెండు సెకన్లండి."

ఆయన తల ఆడించాడు, ఎవరో గడియారంలో ఏం చెడిందో చెబితే ఆడించినట్టు. నన్ను తిట్టలేదు. కొట్టినా పడేవాణ్ణి. పనిముట్లు ఒక్కొక్కటే పెట్టెలో పెట్టి మూత వేశాడు. పొద్దున పదకొండింటికి దుకాణం మూసేశాడు.

"నడువున్రి," అన్నాడు. "ఈ మాట ఆమెకు మీరే చెప్పాలె. మూడు వారాలసంది తిడ్తనే ఉన్నది వాన్ని. నేను గూడ తిట్టిన."

ఆ ఇంట్లో జరిగింది చివర చెబుతాను. ముందు మిగతాది చెప్పేస్తాను. ఏడింటికి బండెక్కాం. వచ్చినవాళ్లం పదిమందిమి, తిరిగి వెళ్లింది తొమ్మిదిమందిమి. ఆర్డరు మీరానని సుబేదారుకు దారిలోనే చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగి, "నాకు వినపడలేదు," అన్నాడు. డ్రైవరుకు మళ్లీ ఆయుధం ఇవ్వలేదు. లారీ మాత్రం నడిపాడు. సర్వీసు అయ్యాక సొంతూరిలో బస్సు నడుపుతున్నాడని విన్నాను. నేను ఇంకో ఆరేళ్లు ఉన్నాను. పట్టీలు తిరిగి రాలేదు. రైఫిల్ పాఠం చెప్పమని మళ్లీ ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పగలిగేవాణ్ణి కాదు. ఇంటికి వచ్చాక మా అన్నయ్య చుట్టాలందరి ముందూ యుద్ధం కబుర్లు చెప్పమనేవాడు. నేను యుద్ధం చూడలేదు. నాంపల్లి చూశాను.

ఇప్పుడు ఆ ఇల్లు.

మేం వెళ్లేసరికి ఆవిడ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. దండెం మీద వాడి ఖాకీ చొక్కా. పెట్టెలోంచి తీసి ఉతికినట్టుంది. మమ్మల్నిద్దర్నీ కలిసి చూసి, పట్టపగలు ఆయన ఇంటికి రావడం చూసి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"కూసో," అన్నాడు ఆయన. "సారు చెప్పేది విను."

ఆవిడ కూర్చోలేదు. నిలబడే విన్నది. అన్నీ చెప్పాను. వాడు ఎక్కడ కూర్చున్నాడో, ఏం చేస్తున్నాడో, నేను ఏం అడిగానో, ఎందుకు లేవలేదో. ఒక్కటీ దాచలేదు. చివర, "తప్పు నాదమ్మా. వాడిది కాదు," అన్నాను.

ఆవిడ నా వైపు చూడలేదు. తిట్టలేదు, శపించలేదు, క్షమించానని కూడా అనలేదు. నేను అక్కడ లేనట్టే వెనక్కి తిరిగి దండెం దగ్గరికి వెళ్లింది. నీళ్లు కారుతున్న ఆ చొక్కా చేతిని రెండు చేతులతో పట్టుకుంది, పిల్లాడు అలిగితే పట్టుకున్నట్టు.

"నువ్వు కాదంటరా," అంది. "నువ్వు మంచిగనే ఉన్నవంట. నేనే ఊకె తిట్టిన. మాఫ్ చెయ్యి బిడ్డా. మాఫ్ చెయ్యి."

చొక్కా చేతిలోంచి నీళ్లు ఆవిడ ముంజేతుల మీదుగా మోచేతుల దాకా కారుతున్నాయి. ఆవిడ వదల్లేదు. ముసలాయన గడపలో కూర్చుండిపోయాడు. నేను గోడవార అటెన్షన్‌లో నిలబడి ఉన్నాను. కదలమని ఎవరూ చెప్పలేదు.